డమ్‌డమ్ ఎంత దూరం?

శంషాబాద్ నుంచి కలకత్తా డమ్‌డమ్ ఎంత దూరమంటే జవాబు ఒకటే: 1,200 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. భూగోళం మీద రెండు చుక్కలు పెట్టి దగ్గరి దారి కొలిస్తే వచ్చే లెక్క అది. ఎండకీ వానకీ మారదు. ఎంతసేపు పడుతుందంటే మాత్రం ఎవరి లెక్క వాళ్లది. టికెట్టు మీద రెండు గంటల పది నిమిషాలని ఉంది. పైలట్ మైకు పట్టుకుని గంటా ముప్ఫై అయిదు నిమిషాలన్నాడు. కూకట్‌పల్లిలో మా ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి కలకత్తా బరానగర్‌లో మా అక్క కొడుకు గది తలుపు తట్టేదాకా చూసుకుంటే ఏడున్నర గంటలు. మూడూ నిజమే. వెళ్లింది మేనల్లుణ్ణి చూడ్డానికే అయినా, ఈ మూడు లెక్కల మధ్య తేడా ఎక్కడ ఖర్చవుతోందో చూడాలన్న కుతూహలం ఒకటి వెంట వచ్చింది.

విమాన కంపెనీలు టైంటేబుల్లో వేసేది ఎగిరే సమయం కాదు. ఇక్కడ గేటు దగ్గర చక్రాల అడ్డు తీసిన క్షణం మొదలు, అక్కడ గేటు దగ్గర మళ్లీ అడ్డు పెట్టే క్షణం దాకా లెక్క. రన్‌వే దాకా నేలమీద పాకడం, ముందున్న విమానాల వెనక వరసలో నిలబడడం, దిగాక గేటు ఖాళీ అయ్యేదాకా కాచుకోవడం అన్నీ అందులోనే. దానికి తోడు జాగ్రత్త కోసం ఇంకాసిని నిమిషాలు కలుపుతారు. అందుకే దిగాక ‘నిర్ణీత సమయానికి పదిహేను నిమిషాల ముందే చేరాం’ అని ప్రకటిస్తే నేను పెద్దగా పొంగిపోను. ఆ పదిహేను నిమిషాలు మన దగ్గర ముందుగా తీసుకున్నవే.

ఇక నేల మీది లెక్క. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచి బేగంపేటకు ప్రయాణికుల విమానాలు ఆపేశారు. డమ్‌డమ్ నుంచి కొలిస్తే ఆ రెంటికీ తేడా పదిహేను కిలోమీటర్లు, విమానానికి ఒక్క నిమిషం పని. కూకట్‌పల్లివాడికి మాత్రం బేగంపేట అంటే ఆటో దూరం, శంషాబాద్ అంటే పొద్దున్నే లేచి ప్లాను వేసుకోవలసిన ఊరు. విమానాలు ఏటికేడాది ఏమంత వేగం పెంచుకోలేదు. మొదటి తరం జెట్లు ఎగిరిన వేగానికి దగ్గరదగ్గరే ఇప్పటివీ ఎగురుతున్నాయి. ఊళ్లు పెరిగి విమానాశ్రయాలు దూరం జరిగాయి, తనిఖీల వరసలు పొడుగయ్యాయి. ఆకాశంలో మిగుల్చుకున్నదంతా నేల మీద తిరిగి కట్టేస్తున్నాం.

డిసెంబరు నెల, మధ్యాహ్నం విమానం. కిటికీ సీటు దొరికింది. రైలు ప్రయాణాలకు అలవాటైన మా తరానికి కలకత్తా దారంటే రాజమండ్రి వంతెన, సింహాచలం కొండ, బరంపురం దాటాక చిలకా సరస్సు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో బయల్దేరి నల్గొండ, గుంటూరు, బెజవాడ చుట్టి సముద్రం ఒడ్డు పట్టుకుని పైకి పోతుంది. 1,500 కిలోమీటర్లు దాటుతాయి, ఒక పగలూ ఒక రాత్రీ చాలవు. విమానానికి సముద్రంతో పనే లేదు. పటం మీద శంషాబాద్‌కీ డమ్‌డమ్‌కీ దారం బిగించి పట్టుకుంటే ఆ దారం ఏటూరునాగారం దగ్గర గోదావరిని దాటుతుంది. అక్కణ్ణుంచి బస్తర్‌లో జగదల్‌పూర్, ఒడిశాలో భవానీపట్న, అంగుల్ దరిదాపుల మీదుగా పోయి, బాలేశ్వర్‌కి ఎగువన వంగదేశంలో పడుతుంది. కంట్రోలర్లు చెప్పిన దారుల్లో పోతూ విమానం ఈ గీతకి కాస్త అటూ ఇటూ ఒంపు తిరుగుతుంది గానీ, ఎక్కడా కోస్తాని ముట్టుకోదు. తెలుగువాడు ఊహించుకునే కలకత్తా దారికీ దీనికీ చుట్టరికం లేదు.

గోదావరి కనిపించింది. ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ, మధ్యలో రెండు మూడు పాయలు వెండిరంగులో. అది దాటగానే అడవి మొదలై చాలాసేపు వదల్లేదు. రోడ్లు లేవు, పొలాల గళ్లు లేవు. అక్కడక్కడ ఒక చెరువు మెరిసి మాయమవుతుంది.

గోదావరికి ఇవతల, మేం దాటొచ్చిన కృష్ణా గోదావరుల నడుమ అడవులు రెండు శతాబ్దాల కిందట ఒక తెల్లదొరని దాదాపు మింగేశాయి. భారతదేశాన్ని త్రికోణాలుగా విడగొట్టి కొలిచే మహా సర్వే 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ చేతుల మీద మొదలైంది. అది ఉత్తరానికి పాకుతూ నిజాం రాజ్యంలోకి వచ్చింది. 1815లో బీదర్ దగ్గర దామరగిద్దలో ఒక ఆధార రేఖని కొలిచారు. 1818లో లాంబ్టన్‌కి సహాయకుడిగా నియమితుడై హైదరాబాద్ చేరిన యువకుడి పేరు జార్జి ఎవరెస్టు. మరుసటి ఏడాది వానాకాలంలో అతని బృందాన్ని ఎల్లాపురం అడవుల్లో జ్వరం పట్టుకుంది. అందరినీ హైదరాబాద్‌కి మోసుకురావలసి వచ్చింది. ఎవరెస్టు కోలుకోవడానికి ఆఫ్రికా కొసన కేప్ దాకా వెళ్లాడు. హిమాలయ శిఖరానికి పేరైన మనిషికి మొదట నేర్పిన గురువు మన మలేరియా. నా ముందున్న ట్రేలో వేడి తగ్గిన ఉప్మా డబ్బా ఉంది. వెనక అతను డోలీలో దాటిన అడవి, విమానానికి పావుగంట.

నవరంగపూర్ దాపుల్లో ఎక్కడో, చూడ్డానికి ఏమీ లేని చోట, ఈ ప్రయాణంలో ముఖ్యమైన గీత ఒకటి దాటాం. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. దక్షిణాన కాకినాడ సమీపం నుంచి పోయే ఆ రేఖ మీది సూర్యుణ్ణి పట్టుకునే దేశమంతా గడియారం తిప్పుతుంది. 1906 జనవరి 1 నుంచి అమలైన పద్ధతి ఇది. హైదరాబాద్ ఆ రేఖకి పడమట ఉంది. అక్కడ గడియారం సూర్యుడికంటే పదహారు నిమిషాలు ముందుంటుంది. కలకత్తా తూర్పున ఉంది. అక్కడ గడియారం సూర్యుడికంటే ఇరవై నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. రెండూ కలిపితే నలభై నిమిషాలు. దేశమంతా ఒక సమయం ఒప్పుకున్నా కలకత్తా మాత్రం తన సొంత సమయాన్ని 1948 దాకా వదల్లేదు. బొంబాయి ఇంకో ఏడేళ్లు మొండికేసింది. ఇప్పుడు గడియారాలు కలిశాయి, సూర్యుడు కలవలేదు. డిసెంబరులో హైదరాబాద్‌లో అయిదూ నలభైకి పొద్దుగూకితే కలకత్తాలో అయిదు గంటలు కాకముందే దీపాలు పెడతారు. పావుతక్కువ అయిదుకి మా చక్రాలు నేల తాకేసరికి సూర్యుడు పొగమంచులోకి జారిపోతున్నాడు. వాచీ ప్రకారం నాకు సాయంత్రం పూర్తిగా మిగిలి ఉండాలి. బయట చూస్తే సంతకి వెళ్లినవాళ్లు ఇళ్లకి తిరుగుతున్నారు. టికెట్టు మీద ఈ నలభై నిమిషాల ఊసు ఎక్కడా లేదు.

గాలి లెక్క ఇంకొకటి. చలికాలంలో ఉత్తర భారతం మీద ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ గాలి వీస్తుంది. మేం దాని నడుమ కాకపోయినా దాని అంచుల్లోనే పోయాం. పోయేటప్పుడు అది వీపు మీద చెయ్యి వేసి నెడుతుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురు నిలబడుతుంది. అందుకే శీతాకాలం టైంటేబుల్లో కలకత్తా నుంచి హైదరాబాద్ రావడానికి పోయినప్పటికంటే పదిహేను ఇరవై నిమిషాలు ఎక్కువ వేస్తారు. వానాకాలంలో ఆ పడమటి గాలి హిమాలయాల అవతలికి జరిగిపోతుంది. దక్షిణాదిన ఎత్తున తూర్పు గాలి లేస్తుంది. అప్పుడీ తేడా చాలా మటుకు చెరిగిపోతుంది. దూరం పోయినా వచ్చినా అదే, కాలానికి మాత్రం దిక్కు ఉంది.

బాలేశ్వర్ మీదికి వస్తుండగా ఇంజన్ల శబ్దం సన్నగిల్లింది. దిగడం ఎక్కడ మొదలుపెట్టాలో పైలట్లకి నోటి లెక్క ఒకటుంది: వెయ్యి అడుగులకి మూడు నాటికల్ మైళ్లు. ముప్ఫై అయిదు వేల అడుగుల నుంచి దిగాలంటే నూట అయిదు మైళ్ల ముందే మొదలెట్టాలి, మన లెక్కలో దాదాపు 195 కిలోమీటర్లు. అంటే ఈ ప్రయాణంలో ఆరో వంతు దిగడమే. పైగా శంషాబాద్ దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. డమ్‌డమ్ అయిదు మీటర్లు. మనం నేల మీదే నిలబడి ఉన్నామనుకున్నప్పుడు కూడా కలకత్తావాడికంటే అరకిలోమీటరు పైన ఉన్నాం. కిందంతా నీళ్లు, అరటి తోటలు, చేపల చెరువులు, ఇటుక బట్టీల గొట్టాలు. కొండ అన్నది కంటికి ఆనదు. ఈ కొండలేనితనం ఒకప్పుడు ఒక పెద్ద పనికి అడ్డం వచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

డమ్‌డమ్ ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ అంతర్జాతీయ విమానాశ్రయం. 1995లో ఆ పేరు పెట్టారు. 2013లో తెరిచిన కొత్త టెర్మినల్ పైకప్పు లోపలివైపు రవీంద్రుడి అక్షరాలు పరుచుకుని ఉంటాయి. తల ఎత్తి చూస్తూ నడిచినందుకు వెనకాయన ట్రాలీ నా మడమకి తగిలింది. ఈ చోటు దేశంలోని పాత విమానాశ్రయాల్లో ఒకటి. 1924లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, బయల్దేరిన డచ్చి కంపెనీ కేఎల్ఎం తొలి విమానం కలకత్తాలో ఆగింది. దారిలో బల్గేరియాలో ఇంజన్ చెడిపోయి ఆ ప్రయాణం మొత్తానికి 55 రోజులు పట్టింది. 1933 జులైలో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ సర్వీసుని కరాచీ నుంచి ఇక్కడిదాకా పొడిగించింది. రాత్రిళ్లు హోటళ్లలో దిగుతూ, పగలు ఎగురుతూ చేసే ప్రయాణం. అప్పటి విమానాలు ఒక్క దూకులో ఎక్కువ దూరం పోలేవు కాబట్టి ఐరోపా నుంచి తూర్పుకి పోయేవాళ్లందరికీ కలకత్తా మజిలీ. జెట్లు వచ్చాకా కొంతకాలం అదే నడిచింది. 1953 మే 2న సింగపూర్ నుంచి లండన్ పోతున్న బీఓఏసీ కామెట్ విమానం ఇక్కడినుంచి లేచిన కొద్ది నిమిషాలకే గాలివానలో ముక్కలైపోయింది. నలభై ముగ్గురు చనిపోయారు. ప్రపంచంలో తొలి జెట్ సర్వీసు మొదలైన రోజుకి సరిగ్గా ఏడాది.

ఆ తర్వాత విమానాలు పెద్దవై, టాంకులు పెరిగి, ఆగకుండా పోవడం నేర్చుకున్నాయి. మజిలీ అక్కర్లేని రోజు మజిలీ ఊరికి కష్టకాలం. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2009లో, లుఫ్తాన్సా 2012లో కలకత్తాకి రావడం మానేశాయి. లండన్ వెళ్లాలనుకున్న బెంగాలీ ఇప్పుడు దుబాయో దోహాయో, లేదా ఢిల్లీయో తిరిగి వెళ్తాడు. తూర్పు చూస్తే మాత్రం కథ వేరు. డమ్‌డమ్ నుంచి ఢాకా 240 కిలోమీటర్లు, బాంకాక్ 1,640. ముంబై 1,660 పైన. అంటే కలకత్తావాడికి థాయిలాండు ముంబై కంటే ఒక పిసరు దగ్గర. నిష్క్రమణ ద్వారం దగ్గర నిలబడి ఫోన్లో ఈ అంకెలు సరిచూసుకుంటుంటే టాక్సీవాళ్లు నలుగురు చుట్టుముట్టారు.

టాక్సీ ఎక్కలేదు. 2025 ఆగస్టు 22న విమానాశ్రయానికి మెట్రో వచ్చింది. జై హింద్ స్టేషన్ నుంచి జెస్సోర్ రోడ్డు, డమ్‌డమ్ కంటోన్మెంటు, ఆపైన నోవాపాడా. ఏడు కిలోమీటర్ల లోపు. నోవాపాడాలో రైలు మారి బరానగర్. పాతరోజుల్లో ఈ మాత్రం దూరానికి పసుపు అంబాసడర్‌లో జెస్సోర్ రోడ్డు మీద ఎంతసేపు పట్టేదో దేవుడికే తెలియాలి. విమానం వేగం పెంచకుండా హైదరాబాద్ కలకత్తా ప్రయాణాన్ని అరగంట తగ్గించిన పని ఇది. మన నగరంలో కూడా మెట్రో శంషాబాద్ దాకా వస్తే ఏడున్నర గంటల్లో ఇంకొంత రాలిపోతుంది.

మా మేనల్లుడు చదివేది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో. బారక్‌పూర్ ట్రంకు రోడ్డు మీద, అక్కడివాళ్ల మాటలో బీటీ రోడ్డు మీద, చెట్ల మధ్య చెరువులున్న ఆవరణ. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో ప్రెసిడెన్సీ కాలేజీలో స్థాపించిన సంస్థ తర్వాత ఇక్కడికి మారింది. రాత్రి మెస్సులో అన్నం తింటూ నా మూడు లెక్కల గొడవ వాడికి చెప్పాను. వాడు నవ్వి, ‘‘సరైన చోటికే వచ్చావు మామయ్యా’’ అన్నాడు.

ఈ సంస్థ పేరు ప్రపంచమంతా మోసుకుపోయిన వస్తువే దూరం. 1936లో మహలనోబిస్ ఒక పత్రం రాశాడు. దాని పర్యవసానాన్ని లెక్కలవాళ్లు మహలనోబిస్ దూరం అంటారు. మొదట అది పుట్టింది మనుషుల తల కొలతలు, ముక్కు కొలతలు పోల్చే పనిలో, కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల కొలతల దగ్గర. రెండు గుంపుల మధ్య ఎడం ఎంత అని అడిగితే ఉత్త తేడా చెబితే చాలదు, ఆ కొలతలు మామూలుగా ఎంత చెదిరి ఉంటాయో దానితో భాగించి చెప్పాలి అన్నాడాయన. మేనల్లుడు దాన్ని నా ప్రయాణానికి అన్వయించాడు.

‘‘నీ విమానం ఇరవై నిమిషాలు లేటయింది అనుకో. అక్టోబరులో అయితే అది పెద్ద లేటు, ఎందుకంటే ఆకాశం తేటగా ఉండి రోజూ టైముకే వస్తాయి. జనవరి పొద్దుటి మంచులో అయితే అది లేటే కాదు, ఆ నెలలో గంట అటూ ఇటూ మామూలు. నిమిషాలు అవే, దూరం వేరు.’’

‘‘మరి ఇక్కడ మంచు పడి లేటు, అక్కడికి తిరిగెళ్లి మళ్లీ లేటు. రెండూ కలుపుకోవద్దా?’’

‘‘అక్కడే అందరూ తప్పేది. పొద్దుటి మంచుకి విమానం ఆలస్యంగా వస్తే, అదే విమానం ఆలస్యంగా పోతుంది. రెండు ఆలస్యాలూ బంధువులు మామయ్యా. విడివిడిగా కూడితే ఒకటే బాధని రెండుసార్లు లెక్కేసినట్టు. ఆ బంధుత్వాన్ని తీసేసి కొలవడమే ఆయన చేసింది.’’

వాడు ప్లేటు పక్కకి జరిపి, వేలితో టేబుల్ మీద పప్పు నీళ్లతో ఏటవాలుగా ఒక కోడిగుడ్డు ఆకారం గీశాడు. ఆ గీత మీద ఎక్కడ నిలబడ్డా మధ్యచుక్క నుంచి ఒకటే దూరమట. స్కేలు పెడితే ఒకవైపు జానెడు, ఇంకోవైపు బెత్తెడు. వడ్డించే ఆయన వచ్చి గుడ్డతో తుడిచేశాడు.

ఈ కథలో రెండో సగం తెలుగువాడిది. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సీఆర్ రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎంఏ చేసి ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వచ్చి, 1941 జనవరిలో ఈ సంస్థలో చేరాడు. విశాఖపట్నం నుంచి హౌరా 880 కిలోమీటర్ల రైలు. వచ్చింది ఇంకో పనికి, ఉండిపోయింది నలభై ఏళ్లకి దగ్గరగా. 1945లో, పాతికేళ్లు నిండే వయసులో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ఆయన రాసిన వ్యాసంలో ఉన్న సంగతుల్లో దూరం కూడా ఒకటి. సంభావ్యతలనే ఒక వంపు నేలగా ఊహించుకుని, దాని మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని కొలిచాడు. విమానం భూగోళం వంపు మీద దగ్గరి దారి వెతుక్కున్నట్టే. హైదరాబాద్ కలకత్తా మధ్య ఆ వంపు కంటికి తెలియదు గానీ, హైదరాబాద్ నుంచి షికాగో పోయే దారి పటం మీద ఉత్తర ధ్రువం వైపు ఎందుకు వంగుతుందో అడిగితే జవాబు అక్కడే ఉంది. ఆ వ్యాసాన్నే ఎత్తిచూపుతూ 2023లో, నూటరెండేళ్ల వయసులో, ఆయనకి గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఈయన గురించి ఎంత తక్కువ ఉందో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

మర్నాడు పొద్దున్న బీటీ రోడ్డు మీద పడ్డాను. దూరాల పిచ్చి ఉన్నవాడు కలకత్తాలో చూడవలసింది విక్టోరియా మెమోరియల్ కాదు, ఈ రోడ్డు. దక్షిణపు కొసన పైక్‌పాడాలో ఒకటి, ఉత్తరాన సుక్‌చర్‌లో ఒకటి, రెండు ఇటుక బురుజులు రోడ్డు పక్క నిలబడి ఉన్నాయి. డెబ్బై అయిదు అడుగుల ఎత్తు. 1831లో కట్టించినవాడు మనకి తెలిసినవాడే, ఎల్లాపురంలో జ్వరపడ్డ జార్జి ఎవరెస్టు. ఇంగ్లండు వెళ్లి ఆరోగ్యం బాగుచేసుకుని, కొత్త పనిముట్లతో, సర్వేయర్ జనరల్ హోదాలో తిరిగి వచ్చాడు. త్రికోణాల సర్వేకి మొదట ఒక భుజాన్ని చేత్తో కొలవాలి. మిగతావన్నీ కోణాలు చూసి లెక్క కట్టుకోవచ్చు. దక్కనులో అయితే ఏ కొండ ఎక్కినా పాతిక మైళ్లు కనిపిస్తుంది. ఇక్కడ కొండ లేదు, కొబ్బరిచెట్లు అడ్డం. అందుకని కొండల్ని ఇటుకలతో కట్టుకున్నాడు. తిన్నగా ఉన్న ఈ రోడ్డుని భుజంగా ఎంచుకుని, ఆరు మైళ్ల పైచిలుకు దూరాన్ని 1831 చలికాలంలో మొదలెట్టి కొలిచాడు. ఇనుప గొలుసు ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఇనుమునీ ఇత్తడినీ జంటగా బిగించి, ఒకటి సాగినా చివరి గుర్తులు కదలకుండా చేసిన కోల్బీ కమ్మీలని మన దేశంలో తొలిసారి వాడింది ఇక్కడే. ఆ కమ్మీ ఒక్కొక్కటీ పదడుగులు. ఎండ పడకుండా డేరాలు కప్పి, ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోయారు. ఇప్పుడు అదే దూరం పోవడానికి నాకు బస్సులో ముప్పావుగంట పట్టింది. సోదేపూర్ దగ్గర ఆగిన ట్రాఫిక్‌లో కూర్చుంటే కమ్మీలు పేర్చుకుంటూ పోయినవాళ్లు మరీ అంత నిదానం అనిపించలేదు.

సుక్‌చర్‌లో ఆ బురుజుని జనం గిర్జా అంటారు. బస్సు కండక్టరు కూడా ‘గిర్జా, గిర్జా’ అని అరిచి దించాడు. నిజానికి అది చర్చీ కాదు, అందులో ఎవరూ ఎప్పుడూ ప్రార్థన చెయ్యలేదు. మొదట్లో అటువైపు ఓ చూపు విసిరి టీకొట్టు దగ్గరికి నడిచాను. మట్టి పిడతలో టీ తాగుతూ మళ్లీ చూస్తే, ఇటుకల సందుల్లో రావి మొక్కలు మొలిచి ఉన్నాయి.

అదే 1831లో ఈ ఊళ్లో ఒక తెలుగు పెద్దమనిషి కూడా ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి కడప, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీ వెళ్లి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని, ఉత్తర కోస్తా వెంట 1831 సెప్టెంబరు 3న ఇంటికి చేరాడు. ఆ ప్రయాణంలో రాసుకున్నదే మన తొలి యాత్రా గ్రంథం ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన పోయాక 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకీ దూరం, నీళ్లు మంచివా కావా, బియ్యం దొరుకుతాయా, దిగడానికి చోటుందా, అన్నీ రాశాడు. ఎవరెస్టు కమ్మీలు పరిచేనాటికి ఆయన మద్రాసు చేరిపోయాడు, ఇద్దరూ ఎదురుపడే అవకాశం లేదు. కానీ ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే ప్రయాణికుడికి పనికొచ్చేది ఏదో నాకు అనుమానం లేదు. అంగుళంలో వెయ్యో వంతు తెలిసినంత మాత్రాన రాత్రికి వండుకోవడానికి కట్టెలు దొరుకుతాయో లేదో తెలియదు.

సుక్‌చర్ దాటితే ఖడ్దహ, అది దాటితే టిటాగఢ్. హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లుల ఊరు. వందేళ్లకి పైబడి శ్రీకాకుళం, గంజాం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్లు ఈ మిల్లుల్లో పనికి వచ్చారు. వాళ్ల మనవలూ మునిమనవలూ ఇక్కడే ఉన్నారు. ఆంధ్ర విద్యాలయం పేరుతో బడి ఉంది, అమ్మవారి గుళ్లున్నాయి. ఒక సందులో టోటో, అంటే బ్యాటరీ రిక్షా, దిగగానే తెలుగు వినిపించింది. ఇద్దరు ఆడవాళ్లు కుళాయి దగ్గర పోట్లాడుకుంటున్నారు. అరుగు మీద కూర్చున్న ముసలాయన నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. మిల్లులో రిటైరయ్యాడట. తాతల ఊరు పలాస దగ్గర.

‘‘ఏటి బాబూ, హైదరాబాదునించి ఇమానంలో వొచ్చీసినావా? ఎంతసేపట్టింది?’’

రెండు గంటలన్నాను, తేలిగ్గా తేలిపోతుందని.

‘‘మరి ఇంటికాణ్ణించో?’’

మూడు మాటల్లో నా కథంతా పట్టుకున్నాడు. ఏడున్నర అని ఒప్పుకున్నాను. ఆయన తలాడించి తన లెక్క చెప్పాడు. కిలోమీటర్లతో ఆయనకి పనిలేదు. హౌరాలో సాయంత్రం ఎక్కితే ఖరగ్‌పూర్‌లో టీ, కటక్ నిద్రలో పోతుంది, ఖుర్దాలో ఎవరో అరుస్తారు, బరంపురంలో మెలకువ, ఇచ్ఛాపురం దాటగానే సామాన్లు సర్దుకోవడం. తెల్లారేసరికి పలాస. సుమారు 680 కిలోమీటర్ల రైలు, పదకొండు గంటలు. మొన్న బెంగళూరులో ఉన్న మనవడు ఫోన్ చేసి, తాతా ఈసారి పండక్కి విమానంలో వెళ్లు, టికెట్టు నేను తీస్తానన్నాడట.

‘‘డమ్‌డమ్‌లో ఎక్కి విశాపట్నంలో దిగాలంట. మావూరు మీదినించే ఎల్లిపోతాదంట, గానీ దించరంట. అక్కడ దిగి మళ్లీ రెండొందల కిలోమీటర్లు ఎనక్కి రావాల. ఇదేటి లెక్కరా అన్నాను.’’

సంచిలోంచి కాగితం తీసి వేశాను. టిటాగఢ్ నుంచి డమ్‌డమ్ గంట, రెండు గంటల ముందు హాజరు, గాల్లో గంటన్నర, సామాను కోసం అరగంట, విశాఖలో స్టేషనుకి చేరి రైలు కోసం కాచుకోవడం గంట, పలాసకి మూడు. తొమ్మిది. రైలు దారి హౌరాకి చేరడంతో కలిపి పన్నెండున్నర. పటం తీసి చూస్తే ఆయన అన్నది నిజమే, డమ్‌డమ్ నుంచి విశాఖకి దారం లాగితే అది పలాస మీదుగానే పోతోంది.

‘‘మూడున్నర గంటలు కలిసొస్తుంది పెద్దాయనా.’’

‘‘కలిసొచ్చి ఏటి సేస్తాను? మద్దేనం ఎండలో దిగుతాను. ఆ డబ్బులతో ఏసీలో టికెట్టు తీరా, పడుకోని ఎల్తాను అన్నాను.’’

‘‘తీశాడా?’’

‘‘తీసినాడు బాబూ. పై బెర్తు.’’